ముత్యాల ముసలమ్మ

పెరటి వైపు గది,
తొలి వానలు పడిన వారం

అక్కగారికి నమస్కారాలు.

నేనెవరో మీకు తెలుసు కానీ మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగిన రోజున మీరు రాలేదు. పోయిన మీ చెల్లెలు తిరిగిన ఇంట్లోకి ఇంకొకరు అడుగుపెట్టడం చూడలేకపోయి ఉంటారనుకున్నాను. నేను మీ స్థానంలో ఉన్నా వచ్చేదాన్ని కాదు. ఈ ఉత్తరం సంగతి మీ మరిదిగారికి చెప్పలేదు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం కదా, వారంలో సగం రోజులు ఏదో ఒక ఊళ్ళో పైకీ కిందికీ పోతూ ఉంటారు. ఇంట్లో మిగిలేది నేనూ, మీ చెల్లెలి కూతురూ.

పిల్లని నేను కూడా పిచ్చుక అనే పిలుస్తున్నాను. ఆ ముద్దుపేరు మీరు పెట్టిందేనట కదా. పిలిస్తే పలుకుతుంది. పెట్టింది తింటుంది. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి గోడకి ఆనించి, నన్ను చుట్టుకుని నీళ్ళు పారినట్టు పెరట్లోకి వెళ్ళిపోతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత నిశ్శబ్దం ఎక్కడిదో నాకు అర్థం కాదు.

ఇంతకీ నేను రాస్తున్నది పెరటి గురించి. వానలు పడగానే అదంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. గులాబీలు ఎండిపోయిన మడుల్లో మోకాళ్ళ దాకా ఏవేవో పిచ్చి మొక్కలు. కోయిద్దామని ఒక మనిషిని పిలిపించాను. అతను కొడవలి తీశాడో లేదో పిల్ల పరుగున వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇవన్నీ మా అమ్మవి," అంది.

"అమ్మ నాటిందా?" అని అడిగాను.

"నాటలేదు. పిలిస్తే వచ్చాయి."

కూలిచ్చి అతన్ని పంపించేశాను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం వెనక మెట్టు మీద కూర్చుని ఆ పచ్చదనాన్ని చూస్తున్నాను. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. పగలంతా వెంట్రుకవాసి తేడాలు చూసీ చూసీ ఇంటికొచ్చాక నా జోడు తీసి పక్కన పెట్టేస్తాను. అప్పుడు పెరడంతా ఒకటే పచ్చటి పొగలా కనిపిస్తుంది. అందులో మీ పిచ్చుక తెల్ల గౌను ఒక్కటే కదులుతూ ఉంటుంది. అది కలా నిజమా అని నాకే ఒక్కోసారి అనుమానం వస్తుంది.

మీరు విత్తనాల పరీక్ష చేస్తారని విన్నాను. అద్దాలు చుట్టే పల్చటి కాగితంలో కొన్ని ఆకులూ, నా చీర అంచుకి అంటుకుని వచ్చిన ముళ్ళ గింజలూ పెట్టి పంపుతున్నాను. వీటి పేర్లు చెప్పగలరా? పేర్లు తెలిస్తే పిల్లతో మాట్లాడటానికి నాకొక దారి దొరుకుతుంది.

ఇట్లు,
మీ మరిదిగారి భార్య


విత్తన పరీక్షా కేంద్రం, కిటికీ పక్క బల్ల

మా మరిది ఇంట్లో ఉంటున్నవారికి,

మీ ఉత్తరం, ఆకులు అందాయి. ఒట్టి ఆకు పంపించి మొక్క పేరడగడం, మోచెయ్యి చూపించి మనిషి పేరడిగినట్టు ఉంటుంది. ఈసారి వేరూ పువ్వూ కూడా ఉండేలా పంపండి.

అయినా చెబుతాను. అంచులు రంపంలా ఉండి, ముట్టుకుంటే గరుకుగా తగిలేది గడ్డిచామంతి. దాని పూలకాడ మొక్క కంటే పొడుగు. సన్నగా గడ్డిలా ఉన్నది గడ్డి కాదు, తుంగ. కాడని వేళ్ళ మధ్య దొర్లించి చూడండి, మూడు పలకలు తగులుతాయి. దాన్ని పీకితే పోతుందనుకోవద్దు. కింద గడ్డలు ఉంటాయి, పైన ఒకటి పీకితే కింద పది నవ్వుతాయి. మూడు గుండెలు కలిపి కుట్టినట్టు ఉన్నది పులిచింత. చీకటి పడుతుంటే ఆకులు ముడుచుకుంటుంది. మీ చీర అంచుకి అంటుకుని వచ్చాయన్న ముళ్ళ గింజలు ఉత్తరేణివి. ఆకుల వరస కింద పచ్చటి పూసలు దాచుకున్నది నేల ఉసిరి. నేల మీద చాపలా పరుచుకునేది గలిజేరు. వేసవిలో చచ్చిపోయినట్టే ఉంటుంది, చావదు.

పిల్ల సరిగ్గా తింటోందా? నిద్ర పోతోందా? జుట్టు ఎవరు దువ్వుతున్నారు? మా చెల్లెలు రెండు జడలు వేసేది.

ఉంటాను,
పిచ్చుక పెద్దమ్మ


పెరటి వైపు గది,
ముసురు పట్టిన ఆదివారం

అక్కగారికి,

జుట్టు తనే దువ్వుకుంటోంది. ఒక జడే వేసుకుంటోంది. రెండో జడ పాపిడి తనకి అందదు, నన్ను అడగదు. నేను దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడతాను, వెనక్కి వచ్చేస్తాను. రోజూ ఇదే.

మీ పాఠం మాత్రం వృథా పోలేదు. దుకాణంలో అంచు విరిగిన దళసరి భూతద్దం ఒకటి ఉంటే యజమానిని అడిగి తెచ్చుకున్నాను. దాన్ని వెనక మెట్టు మీద పెట్టి, ఏమీ చెప్పకుండా లోపలికి వచ్చేశాను. కాసేపటికి తొంగి చూస్తే పిచ్చుక తడి నేల మీద బోర్లా పడుకుని అద్దంలోంచి ఒక ఆకుని చూస్తోంది. సన్నటి తుంపర పడుతోంది. ఆకు మీద నూగు, ఆ నూగు మీద నిలిచిన నీటి చుక్కలు, వాటిలో తలకిందులుగా మా ఇల్లు. నేనూ వెళ్ళి పక్కన బోర్లా పడుకున్నాను. గౌను, చీర, రెండూ బురదే. వాన మా చుట్టూ తెర దించినట్టు ఉంది.

చాలాసేపయ్యాక, "ఇది గడ్డిచామంతి," అన్నాను, మీరు చెప్పింది ఒప్పజెబుతూ.

"కాదు. పొడుగుమెడ పాప."

"మరి ఇది? తుంగ కదూ?"

"దొంగతాత. కింద మూటలు దాచుకుంటాడు."

ఉత్తరేణిని చూపించాను. "వెంటపడే చుట్టం," అంది. నాకు నవ్వు ఆగలేదు. తనూ నవ్వబోయి పెదవి కొరుక్కుంది. నేల ఉసిరి పేరు "వీపున పిల్లల తల్లి" అట. అమ్మ జబ్బుపడ్డాక మంచం ఈ కిటికీ దగ్గరికి జరిపారట. పడుకునే ఒక్కో మొక్కనీ చూపించి పేరు చెప్పేదట. గోడ మూల తెల్లగా చిన్న చిన్న పూలతో గుబురుగా ఉన్నదాన్ని చూపించి, "అందరికంటే అమ్మకి ఇష్టం అదే. ముత్యాల ముసలమ్మ," అంది. అక్కడే కూర్చుని బడి పాఠాలు చదువుకుంటుంది. దాని ఆకు కోసి మీకు పంపుదామంటే ఒప్పుకోలేదు.

బాగానే తింటోంది. నిద్రలో గోక్కుంటోంది. మోచేతుల మడతల్లోనూ మెడ చుట్టూనూ దద్దుర్లు ఉన్నాయి. ఉక్కపోతకేమో అని పౌడర్ రాస్తున్నాను.

ఇట్లు,
కళ్ళజోళ్ళ మనిషి


విత్తన పరీక్షా కేంద్రం

కళ్ళజోళ్ళమ్మాయికి,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని పెద్దగా నవ్వాను. పక్క బల్ల ఆయన పటకారు వదిలేసి నా వంక చూశాడు. ఇక్కడ నవ్వే పని ఏమీ ఉండదు మరి. ధాన్యం గింజల్లోంచి కలుపు గింజలు ఏరి వేరే గిన్నెలో వెయ్యడమే మా పని.

దొంగతాత! వెంటపడే చుట్టం! ఆ పేర్లు ఎవరివనుకున్నావు? మావి. మా చెల్లీ నేనూ మెట్ల మీద కూర్చుని పెట్టినవి. సగం నావి, సగం దానివి. నేను పెద్దదాన్నై అసలు పేర్లు నేర్చుకున్నాను, తరవాత పరీక్షల కోసం ఇంకా పొడుగు పేర్లు నేర్చుకున్నాను. మొదటి పేర్లు ఎక్కడ జారిపోయాయో తెలియలేదు. జబ్బుగా ఉన్నప్పుడు నేను వచ్చినప్పుడల్లా మందులు, రిపోర్టులు, డాక్టరు ఏమన్నాడన్న గొడవే. దాని కిటికీ బయట ఇంత పెద్ద సంసారం నడుస్తోందని నాకు తెలియనే లేదు.

రాత ఆపి కాసేపు కళ్ళు మూసుకున్నాను. మా మెట్లు కనిపించాయి. మెట్ల పగుళ్ళలో పులిచింత. సాయంత్రం దాని ఆకులు ముడుచుకుంటుంటే చెల్లి "ష్, దుకాణం మూసేస్తున్నారు," అనేది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ముత్యాల ముసలమ్మ గురించి ఒకచోట రాశావు, దద్దుర్ల గురించి ఇంకొకచోట రాశావు. నేను రెండూ కలిపి చదివాను. మేము ముత్యాల ముసలమ్మ అన్నది వయ్యారిభామని. పేరు ఎంత అందమో మొక్క అంత చెడ్డది. ఒంటికి పడనివాళ్ళకి దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. మా చెల్లికీ ప్రతి వానాకాలం మోచేతులు పగిలేవి. వేడి చేసిందనేవారు పెద్దవాళ్ళు. నేను ఈ ఉద్యోగంలో చేరాకే అసలు కారణం తెలిసింది.

నీ భూతద్దంతో చూడు. ఆకు క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది. కాడ మీద నిలువు గీతలుంటాయి. ఒక్కో తెల్ల పువ్వుకీ అయిదు మూలలుంటాయి. అవునని తేలితే డాక్టరుకి చూపించి, ఆ మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకించు. నేల తడిగా ఉన్నప్పుడే, చేతులకి తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని. తగలబెట్టొద్దు, పొగ కూడా మంచిది కాదు. పిల్లని దగ్గరికి రానివ్వకు.

పెద్దమ్మ


పెరటి వైపు గది

అక్కగారికి,

ఈసారి ఉత్తరంలో మీరు నన్ను "నువ్వు" అన్నారు. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

అయిదు మూలలు ఉన్నాయి. అద్దంలో చూస్తే నిజంగా ముత్యాల్లాగే ఉన్నాయి, చూస్తూ ఉండిపోవాలనిపించింది. డాక్టరు కూడా మీ మాటే అన్నాడు. పూత మందు ఇచ్చాడు. మొక్క ఉండగా మందు పనిచెయ్యదన్నాడు.

పిచ్చుకకి చెప్పాను. ఏడవలేదు, అరవలేదు. వెళ్ళి ఆ గుబురు పక్కనే కూర్చుంది. రాత్రి ఎత్తుకొచ్చి పడుకోబెడితే ఒళ్ళంతా ఎర్రగా కందిపోయి ఉంది. నిద్రమత్తులో నా మెడ పట్టుకుంది. తెలివి రాగానే వదిలేసింది.

నేను పీకగలను. బడికి వెళ్ళాక అరగంట పని. కానీ వచ్చి చూసుకుంటే ఇక ఈ జన్మలో నా వంక చూడదు. వాళ్ళమ్మ అందరికంటే ఇష్టపడ్డదాన్ని నా చేతులతో పీకానని అనుకుంటుంది. మీరు రాస్తే వింటుంది. ఒక ఉత్తరం రాయండి.

మీ మరిదిగారు నిన్న ఊరి నుంచి వచ్చారు. దద్దుర్లు చూసి, "ఎలాగూ బడికి సెలవులివ్వగానే పెద్దావిడ దగ్గరికి వెళ్ళిపోతుంది కదా, అక్కడ మట్టీ లేదు మొక్కా లేదు," అన్నారు.

"ఎవరు వెళ్ళిపోయేది?" అన్నాను.

"పిచ్చుక. వాళ్ళ పెద్దమ్మ అడిగింది, తన దగ్గరే ఉంచుకుని చదివిస్తానంది. సరే అన్నాను. నీకు చెప్పలేదూ? నీకూ తేలికే కదా."

ఆయన చెడ్డవాడు కాదు. తీగ తెగితే అతికించడం తెలుసు, ఎక్కడ తెగిందో అడగడం తెలియదు. మీ ఉత్తరాల్లో మీరూ ఈ మాట చెప్పలేదు. పెళ్ళికి ముందే తెలిసి ఉంటే హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని. ఒకరి బిడ్డని పెంచడం నా వల్ల అవుతుందా అని అప్పుడు భయంతో చచ్చాను. ఇప్పుడు చెప్పారు. ఇప్పుడేమో రోజూ గుమ్మంలో దువ్వెన పట్టుకుని నిలబడటం నాకు అలవాటైపోయింది.

తీసుకెళ్ళడానికి మీకు హక్కుంది. ఆ మాట నాకు తెలుసు. ఉత్తరం మాత్రం తొందరగా రాయండి.

ఇట్లు,
పిచ్చుక ఇంటి మనిషి


మూడో అంతస్తు గది

అమ్మాయీ,

పిల్లకి రాసింది ఇందులో పెడుతున్నాను. నువ్వు చదివాకే ఇవ్వు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి నీ మీద నాకు మంచి అభిప్రాయం లేదు. కొత్త ఇల్లాలికి పాత పిల్ల అడ్డంగా ఉంటుంది, ఆ పిల్ల ఎక్కడో మూల బతుకుతూ ఉంటుంది అనుకున్నాను. ఇక్కడ పిల్ల కోసం మంచం కొన్నాను. పక్కింటివాళ్ళకి కూడా చెప్పాను. ఆ తరవాత నీ బురద చీర సంగతి చదివాను. చదివాక చెప్పడం కష్టమైంది.

మిగతాది పిల్ల ఇష్టం. సెలవులకి వచ్చి తీసుకెళతాను. ఉండమని నేను బలవంతపెట్టను, రమ్మని నువ్వు బతిమాలొద్దు.

పెద్దమ్మ


(దానితో పాటు)

పిచ్చుకా,

ముత్యాల ముసలమ్మకి ఆ పేరు పెట్టినప్పుడు మీ అమ్మ నీకంటే చిన్నది. ముందరి పళ్ళు లేవు. "ముత్యాల ముథలమ్మ" అనేది. ఈ మాట నీకు ఎవరూ చెప్పి ఉండరు.

ముసలమ్మ ఎక్కడి నుంచో ధాన్యం బస్తాల్లో దాక్కుని వచ్చింది. ఎవరికీ చెడు చెయ్యాలని రాలేదు. కానీ దాని చుట్టుపక్కల ఇంకెవర్నీ సరిగ్గా పెరగనివ్వదు, అది దాని గుణం. మీ అమ్మ ఒళ్ళు కూడా నీలాగే దద్దుర్లు తేలేది. అయినా ఇష్టపడేది. ఇష్టపడింది దాని పువ్వుని, దద్దుర్లని కాదు.

అమ్మ పిలిస్తే మొక్కలు వచ్చాయన్నావట. నా పని చెబుతాను విను. నేను చూసే గింజల్లో కొన్ని నేలలో ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. అన్ని గింజలూ ఒకే రోజు లేవవు. తడి, వెలుతురు, వెచ్చదనం ఉంటే లేస్తాయని మా కాగితాల మీద రాస్తాం. ఎవరైనా పిలిచారా అని రాయడానికి మా కాగితంలో గడి లేదు. గడి లేదు కాబట్టి అబద్ధమని నేను అనను. మీ అమ్మ కిటికీలోంచి పిలిచింది, అవి లేచాయి. ఆ రెండూ జరిగాయి.

మొక్కని పీకితే వేరు పోతుంది. పేరు పోదు. పేరు నీ నోట్లో ఉంది, నా నోట్లో ఉంది, ఇప్పుడు కళ్ళజోళ్ళావిడ నోట్లో కూడా ఉంది. ముసలమ్మని వెళ్ళనివ్వు. నువ్వు ముట్టుకోకు. ఎప్పుడు వెళ్ళాలో మాత్రం నువ్వే చెప్పు.

నీ పెద్దమ్మ


పెరటి వైపు గది,
వాన వెలిసిన సాయంత్రం

అక్కగారికి,

పిచ్చుక మీ ఉత్తరాన్ని కిటికీ గట్టు మీద కూర్చుని చదివింది. "ముథలమ్మ" దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఆగింది. తరవాత మడిచి జేబులో పెట్టుకుని బడికి వెళ్ళింది. వచ్చాక, "ఇవాళ," అంది. అంతే.

నేను మీ మరిదిగారి వానకోటు వేసుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, ముక్కుకీ మూతికీ తుండు కట్టుకుని బయటికి వచ్చాను. పిల్లని కిటికీ అవతలే ఉండమన్నాను. ఒకప్పుడు వాళ్ళమ్మ మంచం ఉన్న చోటే మోకాళ్ళ మీద నిలబడి, అద్దం మూసి, దాన్లోంచి నన్ను చూసి పకపకా నవ్వింది.

"నువ్వు దొంగలా ఉన్నావు!"

నన్ను "నువ్వు" అనడం అదే మొదలు. ఈ ఇంట్లో "నువ్వు"లన్నీ నాకు ఆలస్యంగా వస్తున్నాయి.

మూసిన అద్దం వెనక నుంచే చెప్పింది, ఏది ముందు, ఏది తరవాత అని. "అది కాదు, దాని పక్కది... అది పొడుగుమెడ పాప, దాన్ని తొక్కకు... ఆఁ, అదే." తడి నేలలోంచి వేళ్ళు సులువుగా ఊడి వచ్చాయి. ఒక్కోటీ సంచిలో వేసే ముందు ఎత్తి చూపించమంది. చూపించాను. అద్దానికి అవతల పెదవులు కదిలేవి, ఏమంటోందో వినపడలేదు. ఎండ పచ్చగా సాగి ఉంది. వాన నీళ్ళు ఆకుల అంచున వేలాడుతున్నాయి. నా కళ్ళజోడంతా ఆవిరి పట్టింది. పీకుతున్నది నేనో, ఇంకెవరో నా చేతుల్తో పీకుతున్నారో తెలియని స్థితిలో చివరి మొక్క దాకా వెళ్ళాను.

సంచి మూతి కట్టి, ఒళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని వచ్చేసరికి పిల్ల వెనక మెట్టు మీద ఉంది.

"ఖాళీగా ఉంది," అంది గోడ మూలని చూసి.

"ఎవరో ఒకరు వస్తార్లే."

"పిలవకుండా ఎలా వస్తారు?"

"నువ్వు పిలువు మరి."

"నాది చిన్న గొంతు. నువ్వూ పిలవాలి."

"ఎవర్ని పిలవాలి? నాకు పేర్లు రావే."

"రమ్మను చాలు."

అక్కా, ఇద్దరం నిలబడి ఆ ఖాళీ మట్టిని రమ్మని పిలిచాం. మొదట సిగ్గేసింది. రెండోసారికి గొంతెత్తాను. మూడోసారికి గోడ అవతల ఇంటావిడ ఇటు తొంగి చూసి, "ఎవర్నమ్మా?" అని అడిగింది. ఇద్దరం లోపలికి పరుగెత్తాం.

దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి. సెలవులకి వచ్చి తీసుకెళ్ళండి. బట్టలు సర్ది ఉంచుతాను. ఉండమని నేను అడగను, మీరు బతిమాలొద్దన్నారు కదా. కానీ మీరొస్తున్నారంటే కిటికీ తెరలు ఉతకాలనీ, ఈ పెరడు మీకు ఎలా కనిపిస్తుందోననీ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

మీ చెల్లెలి ఇంటి నుంచి


మూడో అంతస్తు గది,
సెలవుల నడుమ

అమ్మాయీ,

తెరలు బాగున్నాయి. రైలెక్కే తొందరలో చెప్పడం మరిచిపోయాను. నువ్వు గేటు దగ్గర చెయ్యి ఊపలేదు, లోపలికి వెళ్ళిపోయావు. బండి కదిలేదాకా పిల్ల కిటికీలోంచి వెనక్కే చూస్తూ ఉంది. తరవాత, "ఆవిడ కళ్ళజోడు లేకుండా నిలబడింది, మనం కనపడి ఉండం," అంది.

ఇక్కడ మూడో అంతస్తు. మట్టి లేదని మా మరిది అన్నది నిజం. వచ్చిన రోజే పిల్ల మేడ మీదికెళ్ళి వాన నీటి గొట్టం పగుల్లో పులిచింతని పట్టుకుంది. నేను ఇన్నేళ్ళుగా ఆ మెట్లెక్కుతున్నాను, ఒక్కరోజూ చూడలేదు. మా పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళాను. కలుపు గింజల గిన్నె చూపిస్తే, "వీటినెందుకు బయట పడేస్తారు, ఇవి కూడా పడుకునే ఉన్నాయి కదా?" అని మా పెద్దాఫీసర్ని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నాలు కిటికీలు మూసి ఇద్దరం పడుకుంటాం. గదంతా నీటి అడుగున ఉన్నట్టు మసకగా ఉంటుంది. సగం నిద్రలో పిల్ల నాకు పేర్లు చెబుతుంది, నేను సగం నిద్రలో దిద్దుతాను. ఒక్కోసారి పక్కనున్నది ఏ పిల్లో మరిచిపోతాను. ఈ సెలవుల్లో నేను నిద్రపోయినంత హాయిగా చాలా ఏళ్ళుగా నిద్రపోలేదు. ఈ మాట నీకు చెప్పకుండా దాచుకుందామనుకున్నాను, చేతకాలేదు.

నీకు ఉత్తరం రాస్తానంది. సంబోధన దగ్గరే ఒక పూటంతా కూర్చుంది. నన్నడిగితే "నీ ఇష్టం" అన్నాను. ఏం రాసిందో నువ్వే చూడు.

పెద్దమ్మ


పెద్దమ్మ వాళ్ళ మేడ

పెరట్లో ఉండే ఆవిడకి,

నేను బాగున్నాను. నువ్వు ఎలా ఉన్నావు? దద్దుర్లు పోయాయి. మెడ మీద ఒక్క మచ్చ ఉంది. పెద్దమ్మ రెండు జడలు వేస్తోంది కానీ గట్టిగా లాగుతుంది. నువ్వు గుమ్మంలో నిలబడటం నాకు తెలుసు. నువ్వు గట్టిగా లాగవు అనుకుంటా.

గోడ మూలకి ఎవరు వచ్చారు? ఎవరొచ్చినా వాళ్ళకి పేరు పెట్టకు. నేను వచ్చి చూశాక పెడదాం. సగం నువ్వు, సగం నేను.

నాన్న వచ్చారా? నాన్నకి దొంగతాతని చూపించు. నాన్నకి ఒక్క పేరు కూడా రాదు.

పిచ్చుక


పెరటి వైపు గది

అక్కా,

రెండు ఉత్తరాలూ ఒకే కవర్లో వచ్చాయి. దుకాణంలో అద్దం అరగదీస్తూ చదివాను. అద్దం పాడయింది. యజమాని ఇంకొకటి చేతికిచ్చాడు.

పిల్లకి ఈ మాటలు చెప్పండి. గోడ మూల చిన్న చిన్న ఆకులు లేచాయి, నేను పేరు పెట్టలేదు. మీ మరిదిగారికి దొంగతాతని చూపించాను. ఆయన కింద కూర్చుని, కాడని వేళ్ళ మధ్య దొర్లించి, "మూడు పలకలుందే!" అన్నారు. ఇంతకాలం ఈ పెరట్లోకి ఎందుకు రాలేదని అడిగాను. "ఆ కిటికీ కనపడుతుంది కదా," అన్నారు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

మీరు హాయిగా నిద్రపోతున్నారని చదివి సంతోషించాను, నిజంగానే. ఇంకేమీ అడగను.

మీ చెల్లెలి ఇంటి నుంచి


మూడో అంతస్తు గది

అమ్మాయీ,

నిన్న మేడ మీద బట్టలు తీస్తుంటే పిల్ల వచ్చి నా కొంగు పట్టుకుంది.

"పెద్దమ్మా, ఒకటి చెబితే ఏడవవు కదా?"

"ఏడిస్తే ఏం చేస్తావు?"

"పక్కన కూర్చుంటా."

"అయితే చెప్పు."

"నేను ఇంటికెళ్ళి అక్కడే చదువుకుంటా. నాకక్కడ చాలా పనుంది."

ఏడిచాను. పక్కన కూర్చుంది, మాట తప్పలేదు. కూర్చుని, "నువ్వు కూడా రా. నీకు లీవులు ఉంటాయి కదా," అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను వాడుకోని లీవులు ఎన్నో ఉన్నాయి. ఇవాళ వెళ్ళి పెట్టాను. వానలు తగ్గేదాకా మీ ఇంట్లో ఉంటాను, నీకు ఇబ్బంది లేకపోతేనే. ఇక్కడ కొన్న మంచం ఇక్కడే ఉంటుంది. ప్రతి సెలవులకీ పిల్ల దాని మీద పడుకుంటుంది. ఆ షరతు పిల్లే పెట్టింది.

పరీక్షా కేంద్రం నుంచి నేరుగా స్టేషనుకి వెళ్ళాను. వెళ్ళడానికి ఇద్దరికి, తిరుగు ప్రయాణానికి ఒక్కరికి టికెట్లు అడిగాను. కౌంటర్లో కూర్చున్నాయన నాదే పొరపాటనుకుని, "పాపకి తిరుగు టికెట్ వద్దాండీ?" అన్నాడు.

"వద్దు బాబూ," అన్నాను. "పాప వాళ్ళింటికి వెళుతోంది."

పెద్దమ్మ